సార్థకాభ్యసనము: ఆసుబెల్ సిద్ధాంతమును మన పద్యపాఠమును

మన తరగతులలో విద్యార్థి ఛందోలక్షణములను వల్లెవేయును. పద్యమునకు మాత్రము తాత్పర్యమును గుర్తుంచుకొనును. అర్థముచేత పట్టుకొనదగిన దానిని కంఠస్థము చేయుచు, కంఠస్థము చేయదగిన దానిని అర్థముగా కుదించుకొనుచున్నాడని నా అభిప్రాయము. ఈ అభిప్రాయమును పరీక్షించుటకు అమెరికా మనస్తత్త్వవేత్త డేవిడ్ ఆసుబెల్ ప్రతిపాదించిన సార్థకాభ్యసన సిద్ధాంతము మంచి ఒరగల్లు. ఆ ఒరగల్లు ఎంతవరకు పనికివచ్చునో చూచుటయు ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది.

ఆసుబెల్ 1918లో న్యూయార్కునందు జన్మించి, వైద్యము చదివి, మానసికవైద్యుడై, పిదప 1950లో కొలంబియా విశ్వవిద్యాలయమునుండి డాక్టరు పట్టమును పొందెను. 2008లో మరణించెను. ఆయన వ్రాయనారంభించునాటికి అభ్యసనమును గూర్చిన ప్రయోగములలో పెక్కులు ఎబ్బింగ్‌హౌస్ 1885లో వేసిన బాటనే నడచుచుండెను. ఎబ్బింగ్‌హౌస్ అర్థము లేని అక్షరసముదాయములను కూర్చుకొని, తానే వానిని వల్లించి, ఎంత కాలమునకు ఎంత మరపు కలుగునో లెక్కించినవాడు. అర్థమును బుద్ధిపూర్వకముగా తొలగించి సాధించిన నియమములను, అర్థమే ప్రాణమైన పాఠములకు అన్వయించుట ఎట్లు యుక్తమని ఆసుబెల్ ప్రశ్న. ఈ ప్రశ్నకు బార్ట్‌లెట్ 1932లోనే దారి తీసెను. కాని దానిని బోధనమునకు పనికివచ్చు సిద్ధాంతముగా కూర్చి, 1963లో ఒక గ్రంథముగను, 1968లో మరింత విస్తృతమైన గ్రంథముగను వెలయించిన కీర్తి ఆసుబెల్‌దే.

సిద్ధాంతసారము ఇది. మనస్సులో ఉన్న భావములు విడివిడిగా పడియుండవు. విశాలమైన వాని క్రింద సంకుచితములు, వాని క్రింద మరింత సంకుచితములు అమరి ఒక నిర్మాణముగా నిలిచియుండును. క్రొత్త విషయము ఆ నిర్మాణమున తనకు తగిన ఒక ఆధారభావమును పట్టుకొని దానియందు అంతర్భవించినపుడే అభ్యసనము సార్థకమగును. అట్టి ఆధారము దొరకనపుడు అది యాదృచ్ఛికముగా, మాటకు మాటగా నిలిచి త్వరలో జారిపోవును, అదియే వల్లెవేత. కావున విద్యార్థి ఇంతకుముందు ఏమి ఎరుగునో తెలిసికొనుటయే ఉపాధ్యాయుని ప్రథమకర్తవ్యమని ఆయన మతము. సార్థకతకు ఆయన మూడు నియమములు చెప్పెను: విషయము తనంత తాను తర్కసంగతమై యుండవలెను, తగిన ఆధారభావము విద్యార్థికి ముందే ఉండవలెను, ఆ రెంటిని ముడివేయు సంకల్పము విద్యార్థికి కలుగవలెను. మూడవదానిని మన పరీక్షలే చంపుచున్నవి. గ్రంథములోని మాటలే కావలెనని కోరు పరీక్షకుడున్న చోట తెలివిగల విద్యార్థి వల్లెవేతనే ఎన్నుకొనును.

ఆసుబెల్ చేసిన మరియొక మేలు కలదు. 1960, 1961 సంవత్సరములలో బ్రూనర్ రచనలు వెలువడిన పిదప, విద్యార్థి స్వయముగా కనుగొన్నదే నిజమైన జ్ఞానమనియు, ఉపాధ్యాయుడు చెప్పగా విన్నది వట్టి చిలుకపలుకనియు ఒక భావము ప్రబలెను. ఇందు రెండు భేదములు కలగాపులగమైనవని ఆసుబెల్ చూపెను. కనుగొనుటకును గ్రహించుటకును గల భేదము వేరు. సార్థకతకును వల్లెవేతకును గల భేదము వేరు. చెప్పగా విన్నది సార్థకము కావచ్చును. వెదకి పట్టినది వల్లెవేతగానే మిగులవచ్చును. ఉపన్యాసము చెప్పి బ్రతుకు మాబోంట్లకు ఇది ఊరట కలిగించు మాటయే యైనను, అందుచేత అసత్యము కాబోదు.

ఇక ఛందస్సునకు వత్తము. ఉత్పలమాలకు భ, ర, న, భ, భ, ర, వ గణములు, పదవ అక్షరము యతి. చంపకమాలకు న, జ, భ, జ, జ, జ, ర గణములు, పదునొకండవది యతి. శార్దూలమునకు మ, స, జ, స, త, త, గ, పదుమూడవది యతి. మత్తేభమునకు స, భ, ర, న, మ, య, వ, పదునాలుగవది యతి. ఇరువదియెనిమిది గణాక్షరములు, నాలుగు యతిస్థానములు: ఎబ్బింగ్‌హౌస్ పట్టికకును దీనికిని విద్యార్థి దృష్టిలో భేదమేమి? కాని ఉత్పలమాల పాదమున తొలి గురువును విడదీసి రెండు లఘువులుగా నిలుపుడు. చంపకమాల పాదము సిద్ధించును. శార్దూలపాదమున తొలి గురువును అట్లే విడదీయుడు, మత్తేభమగును. మాత్రల మొత్తము మారదు. అక్షరమొకటి పెరుగుటచే యతి ఒక స్థానము జరుగును. ఇంత దగ్గరి చుట్టరికము లక్షణపాఠమున ఏల కానరాదు? పాదమును మొదటినుండి మూడేసి అక్షరములుగా కోయుటచేత, తొలుత ఒక అక్షరము పెరుగగానే కోతలన్నియు జరిగి గణనామములన్నియు మారిపోవును. నడక ఒక్కటే, పేళ్లు మాత్రమే వేరు. గురులఘువుల ఎరుక ఇచట ఆధారభావము; ఉత్పలమాల, శార్దూలము దానిపై నిలిచినవి; చంపకమాల, మత్తేభము వానియందు అంతర్భవించినవి. ఈ సంగతిని విద్యార్థియే కనుగొననక్కరలేదు. నల్లబల్లపై గురులఘువులను వ్రాసి చూపిన చాలును. ఆసుబెల్ వాదమునకు ఇంతకంటె మంచి ఉదాహరణము ఆయన గ్రంథములలో దొరకుట కష్టము.

ఆయన ప్రయోగములలో బలహీనమైన భాగము పూర్వపీఠికలను గూర్చినది. పాఠమునకు ముందు, పాఠముకంటె విశాలతరమైన భావములను చెప్పి, క్రొత్త విషయమునకు కొక్కెమును సిద్ధపరచుట పూర్వపీఠిక పని. 1960లో ప్రకటించిన ప్రయోగమున ఇల్లినాయి విశ్వవిద్యాలయ విద్యార్థులకు ఉక్కు గుణములను గూర్చిన పాఠమిచ్చి, ఒక వర్గమునకు లోహములకును మిశ్రలోహములకును గల సామ్యభేదములను, మరియొక వర్గమునకు లోహకళ చరిత్రను ముందుగా చదివించిరి. మొదటి వర్గము కొంత మెరుగుగా నిలిచెను. మరుసటి యేట ఫిట్జ్‌జెరాల్డ్‌తో కలిసి, బౌద్ధమును నేర్పుటకు క్రైస్తవముతో పోల్చిన పీఠికను వాడెను. కాని 1975లో బార్న్స్, క్లాసన్ అను వారు 32 అధ్యయనములను సమీక్షింపగా 12 మాత్రమే అనుకూలములుగా తేలినవి. 1980లో 135 అధ్యయనములను కలిపి లెక్కించిన మరియొక సమీక్షలో ఫలము కలదని తేలినను అది స్వల్పమే. పీఠిక ఎట్లుండవలెనో ముందుగా నిర్ధారించి చెప్పుటకు వీలులేని లక్షణమును ఆసుబెల్ ఇచ్చెను. ఫలింపనపుడు అది సరియైన పీఠిక కాదనుట సులభము. 1978లో ఆయన వ్రాసిన సమాధానము ఈ లోపమును పూర్తిగా తీర్చలేదు. అయినను ఒక చిన్నమాట: మన పాఠ్యగ్రంథములలో ప్రతి పాఠమునకు ముందుండు కవికాలము, బిరుదములు, కృతుల పట్టిక, ఆసుబెల్ రెండవ వర్గమునకు చదివించిన చరిత్రపీఠిక వంటిదే. పోలికకొరకు పనికిరానిదిగా ఎంచి ఇచ్చిన దానిని మనము ప్రవేశికగా నెత్తిన పెట్టుకొంటిమి.

అసలు చిక్కు కావ్యమునొద్ద కలుగును. సార్థకాభ్యసనమున నిలుచునది సారమే గాని మాటలు కావని సిద్ధాంతము. మాట మారినను అర్థము మారనిచో నేర్చినట్లే. మరపు సయితము ఆయన దృష్టిలో అంతర్భావమునకు కొనసాగింపే. విశేషములు క్రమముగా ఆధారభావమున కరగి, విడదీయరాక పోవును, సామాన్యము మిగులును. ఉక్కు విషయమున ఇది లాభమే.

పోతన గజేంద్రమోక్షణమున మొర విన్న విష్ణువు బయలుదేరు ప్రసిద్ధమైన మత్తేభమును తలచుకొనుడు. అందు లక్ష్మికి చెప్పకపోవుట, శంఖచక్రములను చేపట్టకపోవుట, పరివారమును పిలువకపోవుట, గరుడుని సన్నద్ధము చేయకపోవుట, చెదరిన జుట్టును సవరింపకపోవుట, చేతిలోని చెరగును విడువకపోవుట అని ఆరు నిషేధములు. ఏనుగు ప్రాణము కాపాడు ఉత్సాహమను హేతువు చిట్టచివర. దీని సారము విష్ణువు త్వరపడెననుటయే. ఆ సంగతి విద్యార్థి పద్యము చదువక పూర్వమే ఎరుగును! క్రొత్త విషయము ఆధారభావమున పూర్తిగా కరగినది, పద్యము మిగులలేదు. జవాబు పత్రములలో ఈ పద్యమునకు దోషము లేని తాత్పర్యమును, పద్యమును చదివిన జాడయే లేకుండ, ఎన్నిసారులో చూచితిని. ఐదు నిషేధములు చేయవలసిన పనులను చేయకపోవుట. ఆరవది విడువవలసిన దానిని విడువకపోవుట. మత్తేభపు నడకలో ఆ మలుపు ఎచట వచ్చునో మాటలు నోట నిలిచిన వానికే వినబడును.

ఈ భేదమును మనవారు ఎరుగనివారు కారు. వరంగల్లున వెలసిన విద్యానాథుని ప్రతాపరుద్రీయమున వేదము శబ్దప్రధానమనియు, పురాణము అర్థప్రధానమనియు, కావ్యము ఆ రెంటికంటె వేరనియు చెప్పబడినది. ఆసుబెల్ సిద్ధాంతము అర్థప్రధానమైన వాఙ్మయమునకు సరిపడునది. అర్థమెరుగక వేదము చదివిన వానిని బరువు మోయు స్తంభముతో పోల్చిన యాస్కుడు ఆయనకు మిత్రుడే. కాని కావ్యమున శబ్దమును వదలిన అర్థమునకు స్థానము లేదు.

ఆసుబెల్ పక్షమున చెప్పదగినదియు కలదు. ఆయన పరీక్షించినవి ఉక్కు, బౌద్ధము వంటి పాఠములే. కావ్యమును గూర్చి నియమము చేసితినని ఆయన అనలేదు. పైగా, లక్ష్మి యెవరో, గరుడుడేల కావలెనో ముందుగా ఎరుగని వానికి ఆ నిషేధములలో ఏ ఒక్కటియు తగులదు. ఆధారభావము లేనిదే పద్యమును లేదు. కావ్యమునకు అది ద్వారము మాత్రమే.

శార్దూలమునుండి మత్తేభమును సాధించి చూపుమని ప్రశ్న ఇచ్చి, గణముల పట్టికను ప్రశ్నపత్రముననే అచ్చువేయవచ్చును. పద్యమును మాత్రము గ్రంథము చూడక వ్రాయించి, ఆరవ నిషేధము చివరనే ఏల నిలిచినదని అడుగవలెను. అట్టి సమాధానములను దిద్దుటకు సమయము ఎక్కువ పట్టును. ఇద్దరు పరీక్షకులు ఒకే విధముగా మార్కులు వేయుటయు దుర్ఘటము. ఆ కష్టమును మనము పడవలసినదే గాని, దానికి వెరచి విద్యార్థిచేత మరల ఇరువదియెనిమిది అక్షరములను వల్లెవేయించుట న్యాయము కాదు.