లింకర్ నోరు నొక్కకండి

లైనక్స్ కెర్నల్ కోడ్‌లో ఒక 64 బిట్ల సంఖ్యను మామూలు భాగహారం గుర్తుతో భాగించి చూడండి. ఎక్స్86-64 మీద కిక్కురుమనకుండా బిల్డ్ అయిపోతుంది. అదే ఫైల్‌ను 32 బిట్ల ఎక్స్86కి కంపైల్ చేస్తే, చివర్లో లింకర్ యూడివ్‌డిఐ3 పేరు చెప్పి ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’ అంటూ ఆగిపోతుంది. ఆర్మ్‌లో ఆ పేరు ఏఈఏబీఐ యూఎల్‌డివ్‌మాడ్. అంత పెద్ద భాగహారం ఆ ప్రాసెసర్లకు ఒక్క ఇన్‌స్ట్రక్షన్‌లో కుదరదు. అందుకని కంపైలర్ మనకు చెప్పకుండానే సహాయక ఫంక్షన్‌ను పిలుస్తుంది. మామూలు ప్రోగ్రాములకు అవి జీసీసీతో వచ్చే లిబ్‌జీసీసీలో దొరుకుతాయి. లైనక్స్ కెర్నల్ మాత్రం ఎక్స్86, ఆర్మ్‌లలో దాన్ని గడప తొక్కనివ్వదు. ఖరీదైన భాగహారం ఎవరి కంటా పడకుండా దూరకూడదన్నది అక్కడి పట్టుదల. నేను నూటికి నూరుపాళ్లూ ఆ పక్షమే.

పెద్దవాళ్ల పనితనం చూడాలంటే, 64 బిట్ల భాగహారానికి కెర్నల్‌లో ఉన్న డూ_డివ్ మాక్రో తెరవండి. 32 బిట్ల ఎక్స్86లోని భాగహార ఇన్‌స్ట్రక్షన్ 64 బిట్ల సంఖ్యను తీసుకుంటుంది కానీ, భాగఫలం 32 బిట్లు దాటిందా, ఎక్సెప్షనే. అందుకే ముందు పై సగాన్ని భాగించి, మిగిలిన శేషాన్ని కింది సగం ముందు చేర్చి మళ్లీ భాగిస్తారు. బడిలో పలక మీద చేసిన లెక్కే, రెండే అంకెల్లో! ఆర్మ్‌లో కెర్నల్ డెవలపర్ నికొలస్ పిట్ర్ చేసిన పని ఇంకా ముచ్చటైనది. భాజకం స్థిరాంకమైతే అసలు భాగించడు, ముందే లెక్కగట్టిన విలోమంతో గుణించి తేల్చేస్తాడు. ఈ విద్యకు గ్రాన్‌లండ్, మాంట్‌గామరీల 1994 నాటి పత్రం పెద్ద దిక్కు.

అన్నిటికన్నా నన్ను కట్టిపడేసింది జీసీసీ 4.3 రోజుల నాటి సంగతి. అది 2008. కెర్నల్ టైమ్ కోడ్‌లో నానోసెకన్లలోంచి వంద కోట్లు తీసేస్తూ, సెకను కలుపుతూ పోయే చిన్న లూప్ ఉండేది. సాధారణంగా ఒకటి రెండుసార్లకు మించి తిరగదు. కంపైలర్ అతితెలివితో ‘ఇది భాగహారమే’ అని గుర్తుపట్టి లూప్‌ను తీసేసి యూడివ్‌డిఐ3ని పిలిచింది. రాసినవాడు ఎక్కడా భాగించలేదు, అయినా బిల్డ్ విరిగింది! దానికి విరుగుడు లూప్ లోపల పెట్టిన ఒక ఖాళీ అసెంబ్లీ వాక్యం. ఒక్క ఇన్‌స్ట్రక్షన్ కూడా పుట్టించదు. ఈ వేరియబుల్ ఇక్కడ మారి ఉండవచ్చని కంపైలర్‌ను నమ్మిస్తుంది, అంతే. ఇంత తక్కువలో ఇంత పని చేసిన వాక్యం నేనింకోటి చూడలేదు.

మరి ఇప్పుడు జరుగుతున్నదేమిటి? ఎర్రర్ రాగానే సంఖ్యను 32 బిట్లకు క్యాస్ట్ చేసి చేతులు దులుపుకోవడం! లింకర్ నోరు మూస్తుంది, నిజమే. కానీ నానోసెకన్లయితే 4.29 సెకన్లు దాటగానే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఇంకొందరు యూడివ్‌డిఐ3 పేరుతోనే ఉత్త డొల్ల ఫంక్షన్ రాసి పెడతారు. మసిపూసి మారేడుకాయ చేయడమంటే ఇదే. పోర్టింగ్ పేరిట ఇలాంటివి వస్తుంటే ఒళ్లు మండుతుంది.

పైగా ఈ తప్పులు బయటపడే 32 బిట్ల యంత్రాలున్న బిల్డ్ బెంచీలూ కరిగిపోతున్నాయి. 2025లో వచ్చిన డెబియన్ 13 ఐ386కి, అంటే 32 బిట్ల ఎక్స్86కి, కెర్నల్‌నూ ఇన్‌స్టాలర్‌నూ ఇవ్వడం మానేసింది. చిన్న ఆర్మ్ బోర్డులు మాత్రం ఇంకా పనిచేస్తూనే ఉన్నాయి.

హైదరాబాద్‌లోనైనా ఎక్కడైనా ఎంబెడెడ్ పనిలో ఉన్న మన కుర్రవాళ్లకు నా విన్నపం: ఆ ఎర్రర్ కనబడితే, అక్కడ 64 బిట్లు నిజంగా అవసరమా అని ముందు అడగండి. భాజకం రెండుకు ఘాతమైతే షిఫ్ట్ చాలు. 32 బిట్లదైతే కెర్నల్‌లోని డివ్_యూ64 ఫంక్షన్, కాకుంటే డివ్64_యూ64. ప్యాచ్ పంపేముందు ఐ386కీ ఆర్మ్‌కీ ఒక్కొక్కసారి బిల్డ్ చేయండి.