పెదవి మీద బతుకు

ట్రంపెట్‌కు ఉన్నవి మూడే వాల్వులు. హార్మోనియంలో మాదిరి ఒక్కో స్వరానికి ఒక్కో మెట్టు ఉండదు. ఆ మూడింటినీ ఎలా నొక్కినా, వదిలినా ఎనిమిది అమరికలే. ఒక్కో అమరికలో ఐదారు స్వరాలు దాగి ఉంటాయి. వాటిలో ఏది పలకాలో తేల్చేది పెదవి బిగింపు, ఊపిరి. స్వరం మనసులో ముందే వినపడితే తప్ప పెదవి దాన్ని పట్టుకోలేదు. వేళ్ల పని తొందరగానే వస్తుంది. పెదవి పని మాత్రం జీవితాంతం నేర్చుకుంటూనే ఉండాలి.

నాకు ఈ వాద్యం ఇద్దరు నేర్పారు. ఒకరు మిలటరీ బ్యాండులో చేసి రిటైరై సికింద్రాబాద్‌లో స్థిరపడ్డ మాస్టారు. పొద్దున్నే పాటలూ గీటలూ ఏమీ లేకుండా, ఒక్కో స్వరాన్ని ఊపిరి ఉన్నంతసేపు వణుకు లేకుండా నిలబెట్టించేవారు. రెండో ఆయన పెళ్లి బ్యాండులో లీడ్ ట్రంపెట్. అందరం బాబాయ్ అనేవాళ్లం. ఆయనకు నొటేషన్ రాదు. కొత్త పాట ఫోన్‌లో ఒకటి రెండుసార్లు వింటే చాలు, సాయంత్రానికి ఊరేగింపులో వాయించేసేవాడు.

బాబాయ్ దగ్గర నేను నేర్చుకున్న అసలు విద్య పెదవిని పొదుపుగా వాడుకోవడం. మౌత్‌పీస్ అదిమిపెట్టి వాయిస్తుంటే పెదవికి రక్తం సరిగా ఆడదు, మొద్దుబారిపోతుంది. ఊరేగింపు మొదట్లోనే జోరు మీద పైస్థాయికి పోతే, పెళ్లికొడుకు మండపం చేరేలోపు పెదవి చచ్చిపోతుంది. అందుకని ఆయన పల్లవి తానెత్తుకుని చరణం క్లారినెట్‌కు వదిలేసేవాడు. ఆ కాస్త సందులో ట్రంపెట్ దించి, పెదాలు వదులు చేసి, గుర్రంలా ఫుర్రుమని గాలి వదిలేవాడు. నడుస్తూనే, జనం మధ్యలోనే.

జానపదం ఎత్తుకున్నాడంటే వాల్వు పూర్తిగా నొక్కేవాడు కాదు. సగం నొక్కి, పెదవితో స్వరాన్ని కిందికి జార్చేవాడు. ఎల్లమ్మ పాటలో గొంతు ఎక్కడ విరుగుతుందో సరిగ్గా అక్కడే ట్రంపెట్ కూడా విరిగేది. ఆ జారుడు ఏ నొటేషన్‌లోనూ పూర్తిగా పట్టదు.

నేను పాశ్చాత్య ఆర్కెస్ట్రాలో కూర్చున్నాక కష్టం తలకిందులైంది. అక్కడ అలసిపోయేది వాయించి కాదు, ఊరికే కూర్చుని. బీథోవెన్ సింఫనీలు రాసేనాటికి వాల్వుల ట్రంపెట్ వాడుకలో లేదు. వాల్వులు 1810లలో జర్మనీలో పుట్టినా, వాడుకలోకి రావడానికి ఇంకా కాలం పట్టింది. అందుకే ఆయన సింఫనీల్లో మనకు దక్కేవి కొద్ది స్వరాలే. మిగతా సేపంతా తాళం లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి. ఈలోగా లోహం చల్లబడి శ్రుతి దిగిపోతుంది. వంతు రావడానికి కాస్త ముందు నుంచే చప్పుడు కాకుండా గొట్టంలోకి వెచ్చటి ఊపిరి వదులుతూ ఉండాలి. ఆయనదే 1806 నాటి మూడో లియనోరా ఓవర్చర్‌లో అయితే వాద్యకారుడు వేదిక వెనక నిలబడి, ఆర్కెస్ట్రా ఆగినప్పుడు ఒంటరిగా పిలుపు వినిపించాలి. స్వరం తడబడితే దాచుకోవడానికి పక్కన ఇంకో వాద్యం ఉండదు.

ఈ రెండు లోకాలూ కలిసే చోటు నాకు ఆర్మేనియాలో దొరికింది. అలెగ్జాండర్ అరుత్యూన్యన్ 1950లో పూర్తి చేసిన ట్రంపెట్ కాన్చెర్టో అది. ఎక్కడా ఆగకుండా పావుగంట సాగుతుంది. ఆర్మేనియా ఊరూరా తిరిగి పాడే అషుగ్ గాయకుల ధోరణి దాని నిండా ఉంది. బోల్షోయ్ థియేటర్ ట్రంపెటర్ తిమోఫేయ్ దోక్షిత్సెర్ దాన్ని ప్రపంచానికి వినిపించాడు. మధ్యలో ట్రంపెట్ నోటికి మ్యూట్ పెట్టి వాయించే నిదానపు భాగం ఒకటుంది. అది సాధన చేసినప్పుడల్లా నాకు మాస్టారి నిలకడా కావాలి, బాబాయ్ జారుడూ కావాలి. ఏ ఒక్కటి లేకపోయినా ఆ భాగం పలకదు.

వీధి బ్యాండుకు గౌరవం దక్కిన చోట్లు ఇంకా ఉన్నాయి. చెక్ దేశపు యానాచెక్ 1926లో రాసిన సింఫోనియెట్టా మొదటి భాగంలో తొమ్మిది ట్రంపెట్లు మోగుతాయి. దానికి ప్రేరణ, ఒక పార్కులో ఆయన విన్న మిలటరీ బ్యాండు. సెర్బియాలోని గూచా అనే చిన్న ఊళ్లో 1961 నుంచి ట్రంపెట్ పండుగ జరుగుతోంది. అక్కడ పల్లె బ్యాండ్లను వినడానికి దేశదేశాల నుంచి జనం వస్తారు. పాట నచ్చితే నోటు తీసి వాద్యకారుడి నుదుటి మీద అంటిస్తారు. మన బరాత్‌లోనూ నోట్లు తిప్పి బ్యాండువాళ్లకు ఇస్తాం. తేడా ఏమిటంటే, అక్కడ వాయించేవాడి పేరు ఊరంతటికీ తెలుసు.

మన దగ్గర లీడ్ ట్రంపెట్ పేరు పెళ్లివాళ్లలో ఒక్కరికీ తెలియదు. శూన్యమాసాల్లో, మూఢం రోజుల్లో ఆయనకు పని ఉండదు. ముహూర్తాలు ఉన్నప్పుడేమో డీజే పెట్టెలు ఆయన చోటు లాక్కుంటున్నాయి. పెళ్లి బ్యాండుది ఏదో దిగువస్థాయి సంగీతం అనుకునేవాళ్లతో నేను ఒప్పుకోను. ఊరేగింపు నడిపించగలిగిన ట్రంపెటర్ నొటేషన్ నేర్చుకోగలడు. నొటేషన్ వచ్చిన మాలాంటివాళ్లకు ఆ ఊరేగింపు అంత తేలిగ్గా రాదు.

మీ ఇంట్లో పెళ్లి ఉంటే బ్యాండు మాట్లాడుకోండి. బేరం దగ్గర పిసినారితనం చేయకండి. ఊరేగింపు బయల్దేరకముందే వాళ్లకు భోజనం పెట్టండి, దారిలో మంచినీళ్లు అందించండి. ట్రంపెట్ ఆయన వాద్యం దించి పెదాలు తుడుచుకుంటుంటే ఇంకో పాట అని భుజం తట్టకండి, ఆ నాలుగు నిమిషాలూ డప్పులను మోగనివ్వండి. వీలుంటే ఆయన పేరు అడిగి, శుభలేఖలో సన్నాయి విద్వాంసుల పేరు వేసినట్టే, ఆయన పేరూ వేయించండి.