‘చాగోస్ మౌనం’: ఒక దేశ స్వాతంత్ర్యం, ఒక ద్వీపప్రజల నిర్వాసం

వ్యాససంగ్రహం:
వలసపాలన ముగిసిన తర్వాత కూడా దాని నిర్ణయాలు జీవితాలను ఎలా శాసిస్తాయో మారిషస్ రచయిత్రి షెనాజ్ పటేల్ ఫ్రెంచి నవల ‘లె సిలాన్స్ దె చాగోస్’ (చాగోస్ మౌనం, 2005) ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మారిషస్ స్వాతంత్ర్యం, చాగోస్ ప్రజల నిర్వాసం ఒకే రాజకీయ ఒప్పందానికి రెండు ముఖాలని ఈ నవల నిరూపిస్తుందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వలసానంతర సాహిత్యం, మారిషస్, చాగోస్, నిర్వాసం, మౌనం.

1. చారిత్రక నేపథ్యం

తెలుగు పాఠకులకు మారిషస్ ప్రధానంగా ఒప్పంద కూలీల చరిత్ర ద్వారానే పరిచయం. తెలుగువారితో సహా లక్షలాది భారతీయులు పోర్ట్ లూయీ రేవులో దిగి చెరకుతోటలకు తరలివెళ్లారు. అదే రేవుకు ఇరవయ్యో శతాబ్దంలో మరో జనసమూహం చేరింది. వారు పని వెతుక్కుంటూ వచ్చినవారు కారు, సొంత ఇళ్లనుంచి వెళ్లగొట్టబడినవారు.

మారిషస్‌కు స్వాతంత్ర్యం ఇవ్వడానికి ముందే, 1965 నవంబరులో బ్రిటన్ చాగోస్ ద్వీపసమూహాన్ని దానినుంచి విడదీసింది. ప్రతిగా 30 లక్షల పౌండ్లు చెల్లించింది. డియెగో గార్సియాను అమెరికా సైనిక స్థావరానికి అప్పగించేందుకు 1973 నాటికి ద్వీపవాసులందరినీ మారిషస్‌కూ, సెషెల్స్‌కూ తరలించింది. తరతరాలుగా అక్కడ జీవిస్తున్నవారిని తాత్కాలిక కూలీలుగా చిత్రించి ఈ చర్యను సమర్థించుకుంది.

2. నవలలో మౌనం

మారిషస్‌కు వచ్చి, తిరుగు ప్రయాణానికి ఓడ లేదని తెలుసుకున్న స్త్రీ షార్లేసియా. ఆమె రేవులో సముద్రంవైపు చూస్తూ నిరీక్షిస్తుంది. 1968 మార్చి 12న మారిషస్ స్వతంత్రమైంది. దేశానికి ఆ తేదీ ఆరంభం. షార్లేసియాకు మాత్రం అది తన నేలకు దారి మూసుకుపోయిన కాలం. ఉత్సవపు సందడిలో ఆమె గొంతు వినిపించకపోవడం ఈ నవలలోని మొదటి మౌనం.

రెండవది తల్లి రేమోండ్ మౌనం. నిర్వాసితులను తరలించిన నార్డ్‌వేర్ ఓడలో ఆమెకు కొడుకు దెజిరే పుట్టాడు. పుట్టుక ఎక్కడ అన్న చిన్న ప్రశ్నకు అతనికి ఏ నేలా జవాబు కాదు. అవమానం, దుఃఖం కలిసి తల్లి నోరు కట్టేస్తాయి. తనకు చెప్పని గతాన్ని కొడుకు వెతుక్కోవలసి వస్తుంది. వలసపాలన నష్టం తర్వాతి తరానికి ఆస్తిగా కాక, ఖాళీగా సంక్రమిస్తుందని ఈ పాత్ర ద్వారా రచయిత్రి స్పష్టం చేసింది.

మూడవది పాలకుల దస్త్రాల మౌనం. స్థిరనివాసులు లేరన్న అధికార వాదానికి నవల జ్ఞాపకాలతో సమాధానమిస్తుంది. ఇల్లు, వంట, పాట, ఇరుగుపొరుగు అన్నీ ఇక్కడ సాక్ష్యాలే.

3. ఒక పరిమితి

అయితే ఈ జ్ఞాపకాలను యథాతథంగా చరిత్రగా స్వీకరించడం సరికాదు. చాగోస్ సమాజం పుట్టింది బానిసలతో నడిచిన కొబ్బరితోటల్లో. బానిసత్వం రద్దయ్యాక కూడా అక్కడ తోటల యాజమాన్యానిదే పైచేయి. పోయిన ద్వీపం స్వర్గంలా కనిపించినప్పుడు ఆ శ్రమదోపిడీ నీడలోకి జరుగుతుంది. నిర్వాసితుల వేదనకు న్యాయం చేయడానికి వారి గతం నిర్మలమై ఉండనవసరం లేదు. నవల ఈ విషయాన్ని మరింత లోతుగా పట్టించుకొని ఉండవలసింది.

4. ముగింపు

చాగోస్‌ను విడదీయడం ప్రజల స్వేచ్ఛాయుత సమ్మతితో జరగలేదని అంతర్జాతీయ న్యాయస్థానం 2019 ఫిబ్రవరి 25న అభిప్రాయపడింది. 2025 మే 22న బ్రిటన్, మారిషస్ చేసుకున్న ఒప్పందం చాగోస్‌పై మారిషస్ సార్వభౌమాధికారాన్ని అంగీకరిస్తూనే డియెగో గార్సియా స్థావరానికి 99 ఏళ్ల వెసులుబాటు కల్పించింది. పునరావాసానికి ఇతర ద్వీపాలనే అనుమతించింది. అంటే షార్లేసియా ఎదురుచూసిన నేల ఆ పరిధిలో లేదు.

భూభాగం ఏ రాజ్యానిదన్నది న్యాయశాస్త్రం అడిగే ప్రశ్న. ఇల్లు ఎవరిదన్నది ఈ నవల అడిగే ప్రశ్న. మొదటిదానికి జవాబు దొరికినంత మాత్రాన రెండవది తీరిపోదు. స్వాతంత్ర్యాన్ని జెండాతోనే కాక, దాని మూల్యం చెల్లించినవారి వైపునుంచి కూడా చదవాలని వలసానంతర విమర్శకు గుర్తుచేయడమే ఈ నవల ప్రాసంగికత.