ముచ్చటకు మైకు పెట్టిన ఊరు

సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో మాచునూర్ అని ఒక చిన్న ఊరుంది. పొద్దుగూకి, చేను పనీ వంట పనీ ఒక కొలిక్కి వచ్చి, ఆడవాళ్లు కాస్త కూర్చునే వేళకు ఆ ఊళ్లోంచి 90.4 మెగాహెర్ట్‌జ్ మీద ఒక గొంతు బయల్దేరుతుంది. శిక్షణ పొందిన అనౌన్సర్ గొంతు కాదది. పక్కింటి అక్క గడప మీద కూర్చుని పలకరించినట్టు ఉంటుంది. విత్తనం గురించి, పురుడు గురించి, కూలి గురించి, పండగ గురించి మాట్లాడుతుంది. తాను చెప్పేది తక్కువ, ఎదుటివాళ్ల చేత చెప్పించేది ఎక్కువ.

దాని పేరు సంఘం రేడియో. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల్లోని దళిత మహిళలు నడిపే స్టేషన్. 2008 అక్టోబర్ 15న, ప్రపంచ గ్రామీణ మహిళా దినోత్సవం నాడు మొదలైంది. కళాశాలల వెలుపల, గ్రామీణ సమాజం చేతిలో నడిచే లైసెన్సు పొందిన రేడియోల్లో మన దేశంలో ఇదే మొట్టమొదటిది. ఆ రోజు దాన్ని ప్రారంభించింది జస్టిస్ పి.బి. సావంత్. అంత చిన్న ఊరికి సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి రావడం వెనుక ఒక కథ ఉంది.

1993లో ఒక క్రికెట్ పోటీ ప్రసార హక్కుల మీద వివాదం రేగి కోర్టుకెక్కింది. 1995 ఫిబ్రవరి 9న తీర్పు వచ్చింది. తరంగాలు ప్రజల ఆస్తి అని, ప్రభుత్వానికో వ్యాపారికో సొంతం కాదని జస్టిస్ సావంత్ రాశారు. తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి విడిగా రాసిన తీర్పులో అదే మాటను బలపరిచారు. క్రికెట్ మైదానంలో పుట్టిన తగాదా జొన్నచేల ఆడవాళ్లకు హక్కుపత్రం అయింది. కానీ ఆ హక్కు చేతికి రావడానికి మరో పదమూడేళ్లు పట్టింది. 2002లో విద్యాసంస్థలకు మాత్రమే కమ్యూనిటీ రేడియో పెట్టుకునే అనుమతి ఇచ్చారు. చెన్నైలో అన్నా ఎఫ్.ఎం. 2004లో అలాగే వచ్చింది. స్వచ్ఛంద సంస్థలకు తలుపు తెరిచింది 2006 నవంబర్‌లోని విధానం.

ఆ మధ్యకాలంలో జహీరాబాద్ మహిళలు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. యునెస్కో సాయంతో చిన్న స్టూడియో ఏర్పడింది. 1998 నుంచి కార్యక్రమాలు రికార్డు చేశారు. ప్రసారం చేసే అనుమతి లేదు కాబట్టి క్యాసెట్లను ఊరూరి సంఘం సమావేశాలకు మోసుకెళ్లి వినిపించారు. విన్నవాళ్లు అక్కడికక్కడే మాట్లాడుకునేవారు. అల్గోల్ నర్సమ్మ, ‘జనరల్’ నర్సమ్మ అని పిలిచే మరో నర్సమ్మ ఈ పనిలో ఆరితేరింది అలాగే. ఊరివాళ్ల చేత మాట్లాడించే ఈ ముచ్చట విద్యకు ఆ పదేళ్లే బడి అయ్యాయని నా నమ్మకం. వినేవాళ్ల ముఖాలు చూస్తూ కార్యక్రమం చేయడం నేర్చుకునే అవకాశం పెద్ద స్టేషన్లలో ఎవరికి దొరుకుతుంది?

అడిగే మనిషి ఎవరు?

ముచ్చట కార్యక్రమంలో సగం పని అడిగేవాళ్లదే. ఊరు తెలియని మనిషి వస్తే “ఎకరానికి దిగుబడి ఎంత?” అని అడుగుతాడు. దానికి జవాబు ఒక అంకె. అక్కడితో మాట ఆగిపోతుంది. అదే చేనులో కలుపు తీసిన మనిషి అడిగితే ప్రశ్న వేరుగా ఉంటుంది. “ఈ ఏడు సామ ఏ దిక్కున చల్లినవ్ అక్కా? వాన ఎనకకు పోతే ఏం జేసినవ్?” దీనికి అంకె జవాబు కాదు. ఒక సంవత్సరం కథ బయటికి రావాలి. ఈ నేలలో ఒకే చేనులో ఇరవైకి పైగా రకాలు కలిపి వేసే అలవాటుంది. ఏది దేనికి నీడనిస్తుందో, ఏది పోతే ఏది మిగులుతుందో, ఆ లెక్క చేసినవాళ్లకే తెలుసు. అది తెలిసినవాళ్లే దాన్ని అడగగలరు. ఇది మొదటి మెళకువ.

రెండో మెళకువ, మౌనానికి భయపడకపోవడం. పెద్దామెను ఒక పాత సంగతి అడిగితే వెంటనే చెప్పదు. కొంగు సర్దుకుంటుంది, దూరంగా చూస్తుంది. ఆ రెండు క్షణాలు ఓపిక పట్టలేని విలేకరి తానే ఇంకో ప్రశ్న వేసి ఆ జ్ఞాపకాన్ని చంపేస్తాడు. వినే ఓపిక ఉన్నవాళ్లకు మాత్రం అప్పుడే అసలు మాట దొరుకుతుంది. కూర్పు చేసేటప్పుడు కూడా ఈ ఎరుక కావాలి. గాలి రొదను తీసేయొచ్చు, తడబాటును తీసేయకూడదు. తడబడి చెప్పిన మాటలో నిజం బరువుంటుంది.

మూడోది, చోటు. స్టూడియో గదిలో కూర్చోబెడితే నోరు పెగలని మనిషి చేను గట్టు మీద గలగలా మాట్లాడుతుంది. చేతులకు పని ఉంటే నోటికి బెరుకు ఉండదు. గింజలు చెరుగుతుంటేనో, విసుర్రాయి తిప్పుతుంటేనో పాట దానంతటదే వస్తుంది. “నాకేం తెల్వదు బిడ్డా” అన్న అవ్వను ముందు ఒక పాట పాడమంటే చాలు. పాటలో ఒక విత్తనం పేరుంటుంది, ఒక వాగు పేరుంటుంది, అత్తింటి బాధ ఉంటుంది. ఆ పేరు పట్టుకుని అడుగుతూ పోతే ఏమీ తెలియదన్న అవ్వే ఊరికి చరిత్రకారిణి అవుతుంది. వెనకాల చేటల చప్పుడు, ఎడ్ల మెడలో గంటలు వినబడితే అది దోషం కాదు. ఆ చప్పుడే మాట ఎక్కడి నుంచి వస్తున్నదో చెబుతుంది.

యాసే అధికారం

ఆకాశవాణి తెలుగు పల్లెలకు చేసిన మేలు చిన్నది కాదు. 1966 నుంచి వ్యవసాయ, గృహ విభాగాలు పెట్టి రైతుకు కొత్త సాగు పద్ధతులు చెప్పింది. అయితే అక్కడ జ్ఞానం పైనుంచి కిందికి ప్రవహించేది. చెప్పేవాడు అధికారి, వినేవాడు రైతు. చెప్పిన భాషలో జహీరాబాద్ యాస వినబడేది కాదు. చెప్పిన పంటల్లో కొర్ర, సామ, పచ్చజొన్నలకు చోటు తక్కువ. కన్నడ, ఉర్దూ మాటలు కలిసిన ఈ సరిహద్దు తెలుగును సినిమాల్లో నవ్వించడానికి మాత్రమే వాడిన రోజులు మనకు తెలుసు.

సంఘం రేడియోలో ఆ యాస నవ్వుల సరుకు కాదు. సలహా ఇచ్చే గొంతు అదే, మందలించే గొంతు అదే, తీర్పు చెప్పే గొంతు అదే. రాగులు అనకుండా తైదలు అన్నప్పుడు ఆ గింజతో పాటు ఆ ఇల్లు, ఆ గటక, ఆ అమ్మమ్మ గుర్తుకొస్తారు. విత్తకుండానే చేలల్లో మొలిచే తుమ్మికూర, దొగ్గలికూర, పొన్నగంటి గురించి మాట్లాడాలంటే పుస్తక భాషలో పదాలు చాలవు. పేరు పోతే కూర పోతుంది. కలుపు అని పీకేస్తారు, అంతే. కాబట్టి యాసను నిలబెట్టడం ఇక్కడ అభిమానానికి సంబంధించిన సంగతి మాత్రమే కాదు, అన్నానికి సంబంధించిన సంగతి.

వార్త అనకుండా రాజకీయం

కమ్యూనిటీ రేడియోలు సొంతంగా వార్తలు ప్రసారం చేయకూడదని నిబంధన. ఆకాశవాణి వార్తలను ఉన్నవి ఉన్నట్టుగా తిరిగి వినిపించే వెసులుబాటు తరవాతే వచ్చింది. పార్టీల ఊసు ఎత్తకూడదు. మరి రాజకీయం ఎలా మాట్లాడాలి?

ఈ ఆడవాళ్లకు అది పెద్ద చిక్కు కాలేదు. వాళ్లకు రాజకీయం కంచంలో కనబడుతుంది. రేషన్ దుకాణంలో బియ్యమే ఎందుకు ఇస్తారు, మా జొన్నలు ఎందుకు ఇవ్వరు? ఈ ఒక్క ప్రశ్న చుట్టూ గంట మాట్లాడొచ్చు. ఈ సంఘాలు 1990ల్లోనే బీడు భూముల్లో జొన్న పండించి, ఊళ్లోనే నిల్వ చేసి, ఊళ్లోని పేదలకే అందించే సొంత ఆహార పంపిణీ నడిపి చూపించాయి. కాబట్టి వాళ్లు అడిగేది గాలి ప్రశ్న కాదు. విత్తనం ఇంట్లో దాచుకోవాలా, ప్రతి ఏడూ అంగట్లో కొనాలా? బోరు నీళ్లు ఎవరి చెరుకుకు పోతున్నాయి? ఆడకూలికి, మగకూలికి తేడా ఎందుకు? ఏ నాయకుడి పేరూ పలకనక్కర్లేదు. అడిగిన ప్రశ్న ఎవరికి తగలాలో వాళ్లకే తగులుతుంది. టీవీ చర్చల్లో పేర్లే ఉంటాయి, విషయం ఉండదు. ఇక్కడ పేర్లు లేవు, విషయమే ఉంది.

చిన్న పరిధి ఇచ్చిన నిజాయితీ

కమ్యూనిటీ రేడియోకు అనుమతించే శక్తి చాలా తక్కువ. యాంటెన్నా నుంచి వెలువడే శక్తి సాధారణంగా వంద వాట్లు దాటకూడదు. నేల చదునుగా ఉంటే మహా అయితే పాతిక కిలోమీటర్లు వినబడుతుంది. దీన్ని చాలామంది లోపం అనుకుంటారు. నేను దీన్నే ఈ విద్యకు ప్రాణం అంటాను.

లక్షల మందికి వినబడే గొంతుకు, వినేవాళ్లు ఎప్పుడూ ఎదురుపడరు. అందుకే అక్కడ ఏ మాటైనా అనేయొచ్చు. మాచునూర్ గొంతుకు ఆ సౌకర్యం లేదు. రాత్రి రేడియోలో మాట్లాడిన మనిషి పొద్దున్నే అదే బోరింగు దగ్గర బిందెతో నిలబడాలి. విత్తనం మొలుస్తుందని చెప్పి మొలవకపోతే, అడిగేవాళ్లు అక్కడే ఉంటారు. ఒక ఇంటి పరువు తీసేలా మాట్లాడితే, ఆ ఇంటి మనిషి అదే బస్సులో పక్కన కూర్చుంటుంది. ఈ ఎదురుపడటమే మాటకు కొలత నేర్పుతుంది. తెలిసింది చెప్పడం, తెలియంది ఇంకొకరిని అడిగి చెప్పడం, తప్పు చెబితే దిద్దుకోవడం వీళ్లకు నియమావళి రాసి ఎవరూ నేర్పలేదు. ఇరుగుపొరుగే నేర్పింది.

కులం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఊరవతల ఉన్నవాళ్లు అని పక్కకు పెట్టిన ఆడవాళ్ల గొంతు ఇప్పుడు ఊరి నడుమ ప్రతి వాకిట్లో వినబడుతుంది. గాలికి వాడల గీతలు తెలియవు. పంట తెగులు వచ్చినప్పుడు ఆ గొంతు చెప్పే చిట్కా ఎవరికైనా పనికొస్తుంది. గౌరవం కోసం వాళ్లు ప్రత్యేకంగా పోరాడే కార్యక్రమం పెట్టనక్కర్లేదు. పనికొచ్చే మాట చెప్పే ప్రతి రాత్రీ ఆ పని జరుగుతూనే ఉంటుంది.

టవరు కన్నా ముందు

2025 నాటికి దేశంలో కమ్యూనిటీ రేడియోలు 500 దాటాయి. అయినా మన రెండు తెలుగు రాష్ట్రాల విస్తీర్ణానికి, యాసల వైవిధ్యానికి ఉన్నవి చాలవు. ఉత్తరాంధ్ర కొండల్లో, పాలమూరు వలస ఊళ్లలో, రాయలసీమ వేరుశనగ చేలల్లో ఎవరి ముచ్చట వాళ్లు చెప్పుకునే రేడియో ఉండాలి. అనుమతులు, యంత్రాలు, జీతాలు కష్టమైన మాట నిజమే. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని నిర్మించినవారిలో ఒకరైన పి.వి. సతీష్ 2023లో కన్నుమూశారు. అలాంటి తోడు ప్రతి ఊరికీ దొరకదు.

కానీ ఆ పదేళ్ల క్యాసెట్లను మరచిపోవద్దు. టవరు లేని రోజుల్లోనూ ఆ రేడియో నడిచింది. ఒక టేపు రికార్డరు, అడగడం తెలిసిన ఒక మనిషి, తన మాటకు విలువుందని మొదటిసారి తెలుసుకున్న ఒక అవ్వ, విని జవాబిచ్చే పదిమంది. అంతే ఉండేది. టేపు రికార్డరు చేసే పని ఇవాళ మన చేతిలోని ఫోన్ చేస్తుంది. ఈ ఆదివారం మీ ఊరి చెట్టు కింద ఒక పెద్దామె పక్కన కూర్చుని, “ఎట్లుండె అప్పుడు?” అని అడిగి, చెప్పేదాకా ఆగి వినండి. రేడియో అక్కడ మొదలవుతుంది. తరంగం తరవాత వస్తుంది.