షాలోము, శాంతి, క్షేమము : శబ్దార్థవిచారము

హీబ్రూ భాషయందలి ‘షాలోము’ అను పదమును దెలుఁగున నెట్లు చెప్పవలయునను ప్రశ్నము పైకిఁ గేవలము నిఘంటువునకు సంబంధించినదిగాఁ దోఁచును. కాని, ఆ పదమును బ్రతిదినము నోటఁ బలుకుచు, మాటిమాటికి యుద్ధమును జూచుచున్న ఇజ్రాయేలు జనులు నిజముగా నేమి కోరుచున్నారో తెలియవలయునన్నచో నీ ప్రశ్నమే మొదట తీరవలయును. పత్రికలు దానిని ‘శాంతి’ యని యనువదించుచున్నవి. ఆ యనువాద మెంతవఱకుఁ దగునో విచారింపఁదగియున్నది.

షాలోమునకు మూలమైన ధాతువునకుఁ బూర్ణత్వము, కొఱఁత లేకుండుట యని యర్థము. అప్పు తీర్చుట యను నర్థమును ఆ ధాతువునుండియే పుట్టినది. సమూయేలు రెండవ గ్రంథము 11వ అధ్యాయమున దావీదురాజు రణభూమినుండి వచ్చిన ఊరియాను, సేనాపతియొక్క షాలోమును, జనులయొక్క షాలోమును, తుదకు యుద్ధముయొక్క షాలోమును అడుగును. యుద్ధమునకు శాంతి యెక్కడిది? ఇచట నా పదము కుశలప్రశ్నమే కాని యుద్ధాభావమును దెలుపునది కాదు. తెలుఁగు బైబిలును సంతరించినవారు పలుచోట్ల దీనిని ‘సమాధానము’ అనియు, యెరూషలేమునుగూర్చిన 122వ కీర్తనయందు ‘క్షేమము’ అనియుఁ బెట్టిరి. ఇది యనువాదకుల చాంచల్యమని కొందఱనవచ్చును. పదముయొక్క వైశాల్య మెఱిఁగిన వారికి మాత్ర మది వివేకముగానే కన్పట్టును.

తెలుఁగువారి ‘శాంతి’ వేఱు. శమధాతువునకు అణఁగుట యని యర్థము. భారతమున శాంతిపర్వము స్త్రీపర్వమునకుఁ బిమ్మట వచ్చుచున్నది. పోరాడువా రందఱు నేలకొరిగి, గాంధారి కన్నీరు ముగిసిన తరువాత, శోకతప్తుఁడైన ధర్మజునకు భీష్ముఁడు బోధించినది యా శాంతి. విరాటాదిగాఁ బదునేను పర్వములు రచించిన తిక్కన యీ క్రమమునే పాటించెను. యుద్ధము మరల రాకుండఁ జేయవలయునను పౌరుని కోరికకును, సర్వము పోయిన రాజునకుఁ గలిగిన యుపశమమునకును ఒకే పేరు పెట్టుట సరికాదు.

ఆ కోరికకుఁ దెలుఁగున సరియైన స్థానము ఉద్యోగపర్వము. తెనాలి, బాపట్ల, రేపల్లె సీమల జనులకు దానిని వేఱుగాఁ జెప్పఁబనిలేదు. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయములను రాత్రులు జాగరించి చూచిన దేశమిది. నటాగ్రగణ్యుఁడైన స్థానం నరసింహారావునకు (1902 - 1971) బాపట్ల జన్మస్థానము. కృష్ణుఁడు పెరిగిన పల్లెకుఁ దెలుఁగున రేపల్లె యనియే పేరు. రాయబారమునందుఁ గృష్ణుఁ డడుగునది శాంతి కాదు, సంధి. అయిదూళ్లిచ్చినను జాలునని ధర్మజుఁడు దిగివచ్చుట సంధికిఁ గల వెలను దెలుపును.

ఇఁక ఇజ్రాయేలు స్థితి. 1948, 1956, 1967, 1973, 1982, 2006 సంవత్సరములలో యుద్ధములు జరిగినవి. గాజాసరిహద్దునఁ గల స్దెరోతు పట్టణమున 2001 మొదలుకొని రాకెట్లు పడుచువచ్చెను. హెచ్చరికమ్రోఁత వినఁబడినది మొదలు దాఁగుకొనుటకు 15 సెకండ్లు మాత్రమే గడువు. 1991 యుద్ధానంతరము క్రొత్తయిండ్లలో నొక రక్షితగృహము కట్టవలయునని నియమ మేర్పడెను. అట్టివారు దినదినము వాడు మాట షాలోముకంటె ‘షేకెట్’, అనఁగా సద్దులేకుండుట.

ఈ స్థితినుండి పుట్టిన కవిత్వమున యెహూదా అమిఖాయి (1924 - 2000) రచించిన ‘వన్యశాంతి’ యను ఖండిక పేరెన్నికఁ గన్నది. ఇది యుద్ధవిరామము కాదనియు, తోఁడేలు గొఱ్ఱెపిల్లయు నొక్కచోఁ బరుండునను యెషయా దర్శనమును గాదనియుఁ ద్రోసిపుచ్చి, గొప్ప క్షోభ తీఱిన హృదయముయొక్క యలసటవంటి శాంతిని, విత్తకయే మొలచు పూలవంటిదానిని, కవి కోరుచున్నాఁడు. మన యాలంకారికుల దృష్టితోఁ జూచిన నిది శాంతరసము గాదు. శాంతమునకు స్థాయి శమము. ఇచటఁ గలది శ్రమము. శ్రమము వ్యభిచారిభావములలోనిది, నిలువఁజాలదు. చరిత్రయు నీ విమర్శమునే బలపఱచుచున్నది. అలసటవలనఁ గలిగిన విరామములు గాజావిషయమున 2008, 2012, 2014, 2021 సంవత్సరములలో భగ్నమయ్యెను. 2023 అక్టోబరు 7వ తేదీని ఇజ్రాయేలున సుమారు 1,200 మంది హతులైరి. 251 మంది బందీలుగాఁ గొనిపోఁబడిరి. తదనంతరయుద్ధమున గాజాయందు మృతులు 60,000కు మించిరని అచటి యారోగ్యశాఖ లెక్క. ఇందుకు భిన్నముగా, విత్తి పెంచిన సంధులు, 1979లో ఈజిప్టుతోడిది, 1994లో జోర్డానుతోడిది, చెడక నిలిచినవి. కావున అమిఖాయి ఖండిక కోరికయొక్క స్వరూపమును యథార్థముగాఁ జెప్పినది. సాధనమును మాత్రము చెప్పలేదు. సాధనమునకు ఉద్యోగపర్వమే చదువవలయును. ఒకరి పూర్ణత్వము మఱియొకరి కొఱఁతతో నిండదనుట యా రాయబారముయొక్క సారము.

ఈ విచారము దూరదేశపు మాట మాత్రము గాదు. తెనాలికిఁ బడమట, గుంటూరునుండి బాపట్లకుఁ బోవు దారిని, జాయపసేనాని శాసనములచేఁ బ్రసిద్ధమైన చేబ్రోలుచెంత కొత్తరెడ్డిపాలెము కలదు. అచటి బెనె ఎఫ్రాయీము వర్గమువారు మాదిగకులమునుండి వచ్చినవారు. తాము ఇజ్రాయేలు గోత్రములలో ఎఫ్రాయీమునకుఁ జెందితిమని చెప్పుకొందురు. 1991లో వారు ప్రార్థనామందిరము నేర్పఱచుకొనిరి. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజులు 2013లో వీరినిగూర్చి యాంగ్లమున గ్రంథమును బ్రకటించిరి. గోత్రసంబంధము నిరూపింపఁబడినదా యనుటకంటె, కులవ్యవస్థయందు వీరు తమకై వెదకుకొన్న గౌరవమే ఆ గ్రంథమున ముఖ్యవిషయము. వీరు విశ్రాంతిదినమున షాలోమనునప్పుడు సరిహద్దు రాకెట్లు తలంపునకు రానక్కఱలేదు. 1985లోఁ గారంచేడునను, 1991లోఁ దెనాలిచెంత చుండూరునను దళితులు హతులైన సీమ యిదియే. అట్టి ఘటనల పిమ్మట అధికారులు వాడు మాట ‘శాంతిభద్రతలు’. అది యల్లరి యణఁగుటను దెలుపునే కాని, హతుల యింటి కొఱఁత తీఱుటను దెలుపదు.

కాఁబట్టి షాలోమునకు సమీపమైన తెలుఁగుమాట ‘యోగక్షేమము’. లేనిదానిఁ బొందుట యోగము. ఉన్నదానిఁ గాపాడుకొనుట క్షేమము. స్దెరోతువాసికిఁ గావలసినది రెండవది. గాజావాసికిని, కొత్తరెడ్డిపాలెపుఁ బల్లెవాసికిని ముందు మొదటిది కావలయును. ఒక్క పదమున నీ రెండును ఇముడుటచేతనే ఆ పదము బలీయము. దానిని బాఠశాలలఁ బిల్లలకుఁ జెప్పునప్పుడు ‘శాంతి’ యని యొక్క మాటతో విడిచిపెట్టక, దావీదు ఊరియాను అడిగిన ప్రశ్నమును జేర్చి చెప్పుట మేలు.