మూడు ఆకుల దూరంలో అడవి

స్కాటిష్ రచయిత జార్జ్ మెక్‌డొనాల్డ్ ‘ఫాంటాస్టెస్’ 1858లో వెలువడింది. పెద్దవాళ్ల కోసమే రాసిన అద్భుత కథ. అనోడోస్ అనే యువకుడికి ఇరవై ఒక్క ఏళ్లు నిండిన మర్నాడు పొద్దున్నే మెలకువ వస్తుంది. చూస్తుండగానే అతని పడకగది అడవిగా మారిపోతుంది.

ఆ మార్పును నడిపించిన తీరు చూడండి. గది మూలనున్న ఆకుపచ్చ పాలరాతి తొట్టి ఊటలా పొంగి, నీళ్లు తివాచీ మీదుగా పారతాయి. ఆ తివాచీకి గడ్డి, డైసీ పూల నమూనా గీసింది అనోడోసే. ఇప్పుడా పూలు నీటి వెంట వచ్చిన చిరుగాలికి ఊగుతాయి. ఇక నల్ల ఓక్ బల్ల సొరుగులకు చెక్కిన ఐవీ తీగ. మొదటి ఆకు శిల్పి చెక్కినదే. రెండోది ఏదో వింతగా ఉంటుంది. మూడోది పచ్చి ఆకే, సందేహం లేదు. మంత్రం చదివినవాళ్లు లేరు, మెరుపు మెరిసిందీ లేదు. అద్భుతాన్ని ఇంత పొదుపుగా నమ్మించిన రచన నాకు మరొకటి తారసపడలేదు.

మెక్‌డొనాల్డ్ తన రుణాలను దాచుకోలేదు. పుస్తకం పేరు ఆంగ్ల కవి ఫినియాస్ ఫ్లెచర్ కావ్యం నుంచి వచ్చింది. జర్మన్ కవి నోవాలిస్ గీతాలను ఆయన అంతకుముందే, 1851లో, అనువదించారు. అందమైన రూపంతో వంచించే ఆల్డర్ కన్యలో ఆంగ్ల కవి స్పెన్సర్ సృష్టించిన మాయలాడి డ్యూయెస్సా ఛాయలు కనిపిస్తాయి. కానీ పాత సరుకు ఆయన చేతిలో కొత్త పని చేస్తుంది. జర్మన్ రచయిత షమిస్సో 1814లో నీడను అమ్ముకున్న మనిషి కథ రాశారు. ఇక్కడ అంతా తలకిందులు: వద్దన్న తలుపు తెరిచి అనోడోస్ ఒక నల్లని నీడను వెంట తెచ్చుకుంటాడు.

ఆ నీడ ఏం చేస్తుందో ఒక్క చిన్న ఘట్టంలో తెలుస్తుంది. రెండు చేతుల్లో రెండు అద్భుతమైన ఆటవస్తువులతో ఒక దివ్యబాలుడు ఎదురవుతాడు. కవి లోకాన్ని చూసే సాధనాలవి. నీడ మీద పడగానే అతను గడ్డి టోపీ పెట్టుకున్న మామూలు కుర్రాడు. చేతిలో ఉన్నవి ఒక కెలిడోస్కోపు, ఒకే వస్తువును పదిగా చూపే అద్దం. అందాన్ని చూసే చూపు ఎలా చచ్చిపోతుందో చెప్పడానికి మెక్‌డొనాల్డ్‌కు ఉపన్యాసం అవసరం రాలేదు.

మధ్యమధ్య వచ్చే పాటలకు వచనానికున్న బలం లేదు. కొన్ని ఘట్టాల మధ్య అతుకూ వదులే. అయినా 1916లో ఒక రైల్వేస్టేషన్ పుస్తకాల దుకాణంలో ఈ నవల కొన్న కుర్రాడు, తర్వాత రచయితగా పేరొందిన సి.ఎస్. లూయిస్, మెక్‌డొనాల్డ్‌ను జీవితాంతం గురువుగా చెప్పుకున్నారు. ఇంగ్లిష్ మూలం ఇప్పుడు ఉచితంగానే దొరుకుతోంది. మొత్తం చదివే తీరిక లేకపోతే, ఆ మూడు ఆకులున్న రెండో అధ్యాయమైనా నిదానంగా చదవండి.