మా వదిన విన్న సింగపూరు

"అదేం సినిమా? నలుగురు కుర్రాళ్ళు గిటార్లు భుజాన వేసుకుని ఊరు తిరగడం, అడుగడుక్కీ పాట పాడడం! కథేదీ?"

"అందమైన అనుభవం" మాట ఎత్తితే మావారు ఈనాటికీ అనే మాట ఇది. కాదనను. కథ కోసం ఆ సినిమాకు వెళ్ళడం, ఉప్పు కోసం మిఠాయి అంగడికి వెళ్ళడం లాంటిదే. కానీ మిఠాయి తినడం తప్పంటారా? ఈ ప్రశ్నకు నాకు జవాబు చెప్పింది గోస్పాడులోని మా వదిన. ఆమె సంగతి చెప్పేముందు సినిమా సంగతి చెప్పాలి.

ఇది 1979 ఏప్రిల్‌లో వచ్చింది. బాలచందర్ దీన్ని తమిళంలో "నినైత్తాలే ఇనిక్కుం" అనే పేరుతోనూ, తెలుగులో ఈ పేరుతోనూ ఒకేసారి తీశారు. కథ తమిళ రచయిత సుజాతది. (ఆడపేరు చూసి మురిసిపోకండి. ఆయన మగవారే. భార్య పేరు పెట్టుకుని రాసేవారు.) అంతకు ముందు ఏడాదే "మరోచరిత్ర"తో మనందరి కొంగులూ తడిపిన బాలచందర్, ఈసారి మనల్ని కాస్త నవ్విద్దామని కాబోలు, విశాఖ సముద్రాన్ని వదిలి సింగపూరు దీవికి ఎగిరారు. పాటల బృందానికి నాయకుడు కమలహాసన్. జట్టులో అల్లరివాడు రజనీకాంత్. చిక్కినట్టే చిక్కి జారిపోయే అమ్మాయి జయప్రద. మధ్యలో ఒక స్మగ్లర్ల ముఠా కూడా ఉంది గాని, వాళ్ళని తీసేసినా మనకేం లోటు ఉండదు.

మన సినిమాల్లో పాట రావాలంటే, నాయికా నాయకులు ఉన్నట్టుండి ఏ ఊటీలోనో తేలాలి. వంటింట్లో ఉన్న పిల్ల మరుక్షణం పట్టుచీరతో కొండమీద కనబడాలి. ఇందులో ఆ అవస్థ లేదు. నాయకుడి బతుకే పాట. అతను వేదిక ఎక్కాడంటే పాడతాడు, అంతే. విశ్వనాథన్ గారు డ్రమ్ములూ గిటార్లూ ఎంత మోగించినా, వరస మాత్రం మన నోటికందేటట్టు కట్టారు. రెండోసారి విన్నామంటే చాటలో బియ్యం చెరుగుతూ కూనిరాగం తీసేయొచ్చు. బాలు గొంతులో ఆ వయసుకుండే తుళ్ళింత, కొంటెతనం, ఉన్నట్టుండి ఒక మెత్తదనం. ఇక ఆత్రేయగారు! రాయక నిర్మాతల్నీ, రాసి ప్రేక్షకుల్నీ ఏడిపిస్తాడని పేరుపడ్డ మనిషి. తమిళంలో కణ్ణదాసన్ రాసిన అవే వరసలకు, ఇక్కడ ఆయన ఇంతింత చిన్న మాటలు వేసి, బరువన్నది తెలియకుండా నడిపించారు.

సింగపూరు మాత్రం నాకు ఆనలేదు. పెద్ద పెద్ద మేడలూ, అద్దాల అంగళ్ళూ, నీళ్ళమీద పడవలూ బాగానే చూపించారు. ఆ దీవిలో కాపురాలు చేసేవాళ్ళేరీ? 1975 నాటికే మనవాళ్ళు అక్కడ తెలుగు సమాజం పెట్టుకున్నారు. ఒక్క ఇంటి పెరడైనా, తీగమీద ఆరేసిన ఒక్క చీరైనా కనబడుతుందేమోనని చూస్తూ కూర్చున్నాను. చుట్టపుచూపుగా వెళ్ళినవాడికి ఊరంతా బజారులాగే కనబడుతుంది కాబోలు.

అసలు విషయం రజనీకాంత్ పందెం దగ్గరుంది. సిగరెట్టును పైకెగరేసి పదిసార్లు వరసగా నోటితో పడితే కారు ఇస్తారు, తప్పితే వేలు తెగ్గొడతారు. ఇంగ్లీషులో రోల్డ్ డాల్ 1948లో రాసిన ఒక కథకు ఇది దగ్గర చుట్టం. మనవాడు తొమ్మిదిసార్లు పట్టి, పదోసారికి వేలు గుర్తొచ్చి తప్పుకుంటాడు. హాలంతా చప్పట్లు. అదే సినిమాలో జయప్రదకు నయంకాని జబ్బు. ఆమె ఆడుతున్న పందెంలో తొమ్మిది దగ్గర ఆగి ఇంటికి పోయే వీలు లేదు. ఆ అమ్మాయి నవ్వుతూ, దాక్కుంటూ, మాట మారుస్తూ తిరిగిందంతా ఎందుకో మనకు ఆలస్యంగా తెలుస్తుంది.

నా ఫిర్యాదల్లా ఇక్కడే. ఆమె చావును కూడా సినిమా అతని దుఃఖంగానే చూపిస్తుంది. పేరులో ఉన్న అనుభవం అతనిదే. ఆమెకెలా ఉందో, ఒంటరిగా ఉన్నప్పుడు ఏమనుకుందో అడిగే తీరిక ఎవరికీ లేదు.

ఈ లోటు పూడ్చింది మా వదిన.

ఆమె ఆ సినిమా చూడలేదు. గోస్పాడు నుంచి నంద్యాల ఎంతో దూరం కాదు, బస్సెక్కితే సరి. అయినా వడ్లు, మిరపకాయలు, పిల్లలు ఆమెను గడప దాటనివ్వలేదు. కడప రేడియోలో ఎప్పుడైనా ఆ పాట వస్తే చేతిలో పని ఆపేది. కొన్నేళ్ళకు ఆమెకు జబ్బు చేసింది. పెద్ద ఊళ్ళో డాక్టర్లు మా అన్నను పక్కకు పిలిచి చెప్పి పంపారు. ఆమెకు చెప్పొద్దని ఇంట్లో అందరం ఒట్టు పెట్టుకున్నాం. పడసాలలో మంచం వేశాం. ఆమె అడిగిందల్లా ఆ పాటల క్యాసెట్టు.

"జబ్బు మనిషున్న ఇంట్లో ఈ డింగు డింగులేంది, నలుగురూ నవ్వరా?" అని మా అమ్మ కసిరింది.

"ఏడ్చేదానికి మీరంతా ఉండారు గదత్తా. నన్ను పాట ఇననీయండి" అంది వదిన.

ఆ మధ్యాహ్నమే నన్ను సింగపూరు ఎట్లుంటుందని అడిగింది. పడవలు చెప్పాను, దీపాలు చెప్పాను, జయప్రద కట్టిన చీరలు చెప్పాను. చివర ఏమవుతుందంటే, "ఏముంది, పెళ్ళవుతుంది" అన్నాను. వదిన కాసేపు క్యాసెట్టు డబ్బా అటూ ఇటూ తిప్పింది.

"ఆ పిల్ల చచ్చిపోతుందంట గదా పాపా. పక్కింటామె ఎప్పుడో చెప్పిందిలే. నాకు తెలుసు" అంది.

ఏం తెలుసని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. "ఇంకోతూరి తిప్పు" అని ఆమే అంటే, క్యాసెట్టు రెండో వైపు పెట్టాను.

అప్పట్నుంచీ ఎవరైనా "తేలిక పాటలు, కాలక్షేపం సినిమా" అంటే నాకు ఒప్పబుద్ధి కాదు. చివరి సంగతి తెలిసిన మనిషే కావాలని కోరి విన్న పాటలు మరి. ఆత్రేయగారు 1989లో వెళ్ళిపోయారు, విశ్వనాథన్ గారు 2015లో, బాలు 2020లో. మొన్న మా మనవరాలు ఫోనులో ఆ పాటే పెట్టుకుని గిన్నెలు సర్దుతోంది. "కథేం లేదటగా నానమ్మా?" అంది. లేదనే చెప్పాను. ఆ ఒక్క పాటా అయ్యేదాకా మాత్రం నన్ను పిలవొద్దని, వెళ్ళి పడసాలలో కూర్చున్నాను.